ఊరికే వచ్చిన పాత తెరచాప పడవ, సాయానికి నాన్న ఉన్నారు. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

కమ్మింగ్_కిరణ్
జార్జియాలో లేక్ లేనియర్ దగ్గర ఉంటాం. పక్కింటాయన ఇల్లు అమ్ముకుని వెళ్లిపోతూ తన పడవని ట్రెయిలర్‌తో సహా నాకిచ్చేశాడు. డబ్బు తీసుకోలేదు, "ఎప్పటికైనా నీళ్లలోకి దింపు, అంతే చాలు" అన్నాడు. కాటలీనా 22, 1978 నాటిది. చాలా ఏళ్లు టార్పాలిన్ కింద పడి ఉంది. ఆ టార్పాలిన్ చిరిగి క్యాబిన్‌లో చీలమండ దాకా వాన నీళ్లు, కుళ్లిన ఆకులు, గోడల నిండా నల్ల బూజు. కింద వేలాడే ఇనప కీల్ తుప్పు పట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. తెరచాపలు సంచుల్లో ఉన్నాయి కానీ సంచి విప్పితే ముక్కు మూసుకోవాల్సిందే.

అమ్మా నాన్నా మే నెలలో వచ్చారు, అక్టోబర్ చివరి దాకా ఉంటారు. నాన్నది తాళ్లరేవు. కుర్రతనంలో అక్కడ చెక్క పడవలు కట్టే చోట పనిచేశారు, ఆ తర్వాత కాకినాడలో మరపడవల ఇంజన్లు బాగుచేసేవారు. ఇక్కడికొచ్చాక టీవీ, వాకింగ్, మళ్లీ టీవీ. ఈ పడవ వచ్చిన రోజు మాత్రం దాని చుట్టూ తిరుగుతూ అడుగు నుంచి కొస దాకా చేత్తో తడిమి చూశారు. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికే లోపలి నీళ్లు తోడేసి ఉన్నాయి.

ఆయనకి ఫైబర్‌గ్లాస్ మీద నమ్మకం లేదు. "చెక్కైతే ఎక్కడ పాడైందో అదే చెబుతుంది, ఇది చెప్పదు" అంటారు. నాకేమో పడవల గురించి ఏమీ తెలియదు. చేతిలో మూడు వేల డాలర్ల దాకా పెట్టుకోగలను. ఏ పని ముందు, ఏది తర్వాత? ఏవి నాన్న చేతికి ఇవ్వచ్చు, ఏవి వద్దు? ఇంకోటి, డ్రైవ్‌వేలో పడవ ఉండకూడదని కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల ఉత్తరం అప్పుడే వచ్చేసింది.

ఫైబర్_రాజు
ముందు కాగితాలు. పడవ వెనక భాగంలో, కుడివైపు పైన హల్ నంబర్, అంటే పడవ గుర్తింపు నంబర్, చెక్కి ఉంటుంది. 1972 నవంబర్ తర్వాత కట్టిన ప్రతి పడవకీ ఉండాలి, పన్నెండు అక్షరాలు అంకెలు. కాటలీనా అయితే సీ టీ వై తో మొదలవుతుంది. అది ఫోటో తీసి, ఆయన ఊరు వదిలి పోకముందే అమ్మకపు రశీదు రాయించుకోండి. ఉచితమైనా రశీదు రశీదే. ట్రెయిలర్‌కి వేరే రాయించండి. ఇది లేకుండా ఒక్క డాలర్ కూడా ఖర్చుపెట్టకండి.

చికాగో_చిన్నోడు
నా మాట కాస్త చేదుగా ఉంటుంది. ఉచితంగా వచ్చే పడవంత ఖరీదైంది లేదు. మూడు వేలు పెట్టి దీన్ని బాగుచేసే బదులు ఇంకో రెండు వేలు కలిపితే ఇదే మోడల్, నీళ్లలో తిరుగుతున్నది దొరుకుతుంది. ఈ మోడల్ 1969 నుంచి తయారైంది, పదిహేను వేలకు పైగా కట్టారు. కరువేం లేదు.

డాలస్_దుర్గ
@చికాగో_చిన్నోడు లెక్క ప్రకారం మీరన్నది నిజం. కానీ ఆయన అడిగింది పడవ కొనాలా వద్దా అని కాదు కదా. పొద్దున్నే లేచి నీళ్లు తోడేసిన తండ్రి ఉన్న ఇంట్లో ఈ లెక్క వేరు.

కిరణ్ గారూ, పదిహేను వేలు కట్టారన్నది మీకు లాభమే. ప్రతి ముక్కకీ విడిభాగాలు ఈరోజుకీ దొరుకుతాయి. చాలా పాత పడవలకి ఆ అదృష్టం లేదు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పాలిష్ ఆఖర్న. అందరూ పైన మెరిపించి ఫోటోలు పెట్టి, కీల్ దగ్గరకొచ్చేసరికి ఓపిక అయిపోయి వదిలేస్తారు. ముందు పడవ మునగకుండా చూసేవి, తర్వాత మాస్ట్ (తెరచాప స్తంభం) పడిపోకుండా చూసేవి, తర్వాత మోటార్, అన్నీ అయ్యాక అందం.

కమ్మింగ్_కిరణ్
రశీదు రాయించాను, ఆయన ఇంకా ఇక్కడే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. నంబర్ సీ టీ వై తోనే ఉంది. చిన్నోడు గారూ, మీరు చెప్పింది మా ఆవిడ కూడా అంది. తర్వాత నాన్న ట్రెయిలర్ చక్రాల బేరింగులు విప్పి కిరోసిన్‌లో కడుగుతుంటే చూసి, ఇంక ఏమీ అనలేదు.

గాలివాటం
నేను లేనియర్ మీదే పదేళ్లకు పైగా తిప్పుతున్నాను, నాదీ ఇదే మోడల్. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీ పడవకి ప్రాణం, ప్రమాదం రెండూ ఆ కీల్‌లోనే ఉన్నాయి. పోత ఇనుము, 550 పౌండ్లు, అంటే దాదాపు 250 కిలోలు. అంత బరువూ ముందువైపు ఒక్క పిన్ను మీద వేలాడుతూ ఉంటుంది. వెనకవైపు కేబుల్, క్యాబిన్‌లో ఉన్న వించ్ తిప్పితే పైకి లేస్తుంది. ఇన్నేళ్లలో ఆ పిన్ను, దాన్ని పట్టుకునే బ్రాకెట్లు అరిగి ఉంటాయి. చేత్తో పక్కకి తోస్తే ఎంత ఊగుతోందో చూడండి. కొద్దిగా ఊగడం మామూలే, నీళ్లలో అది టక్కు టక్కున తగులుతూ రాత్రి నిద్ర పట్టనివ్వదు. ఎక్కువ ఊగితే పిన్ను, బ్రాకెట్లు మార్చి, రెండువైపులా వాషర్లు వేసుకోవాలి.

కేబుల్ పాతదైతే ఆలోచించకుండా మార్చేయండి. అది తెగితే కీల్ ఒక్కసారిగా కిందికి దూసుకొచ్చి పడవ అడుగుని పగలగొట్టగలదు. కేబుల్ క్యాబిన్‌లోకి వచ్చే చోట ఒక రబ్బరు గొట్టం, దానికి క్లాంపులు ఉంటాయి. అది నీటి మట్టం కిందే ఉంటుంది, ఎవరూ చూడరు. పగిలితే నీళ్లు నేరుగా లోపలికి వస్తాయి. ఇరవై డాలర్ల పని, అదే మొదట చేయండి.

ట్రెయిలర్ మీద ఉన్నప్పుడు కీల్ బరువు ట్రెయిలర్ పలక మీదే ఆనాలి, కేబుల్ మీద కాదు. కీల్ కింద మనిషి తలగానీ చేయిగానీ పెట్టకూడదు, ఎంత గట్టిగా కట్టినా సరే. దించాలంటే పడవని బలమైన దిమ్మెల మీద లేపి, కింద ఫ్లోర్ జాక్ పెట్టి నెమ్మదిగా దించాలి. ఆ రోజుకి నన్ను పిలవండి. మీ నాన్నగారు ఎంత అనుభవజ్ఞులైనా ఇది ఇద్దరు చేసే పని కాదు.

కమ్మింగ్_కిరణ్
చాలా థాంక్స్ అండీ. నాన్నకి చదివి వినిపించాను. "ఈయనకి పని తెలుసు" అన్నారు. ఆయన నోట అది పెద్ద మాట.

కోనసీమ_కోడలు
నేను పడవ గురించి కాదు, మీ నాన్నగారి గురించి రాస్తున్నాను. మా మామగారు ఇక్కడికొచ్చినప్పుడు డెక్ మెట్లు బాగుచేస్తూ నిచ్చెన మీంచి జారారు. విజిటర్ ఇన్సూరెన్స్ ఉన్నా ఆ బిల్లుల టెన్షన్ మాకు చాలా రోజులు వదల్లేదు. ముందు పాలసీ కాగితం మొత్తం చదవండి, ఏది ఇస్తారో ఏది ఇవ్వరో తెలుసుకోండి. ట్రెయిలర్ మీదున్న పడవలోకి ఎక్కడానికి ఊగే నిచ్చెన వద్దు, పట్టుకునే కమ్మీ ఉన్న మెట్ల బల్ల పెట్టండి. జార్జియా ఎండలో పొద్దున్న, సాయంత్రం మాత్రమే పని.

ఇంకో మాట. ఆయనకి "అది అందుకో, ఇది పట్టుకో" పనులు ఇవ్వకండి. ఏదో ఒక భాగం పూర్తిగా ఆయనదే అనండి. అందులో ఏ స్క్రూ వాడాలో కూడా ఆయనే చెప్పాలి. మామగారికి ఆ మెట్ల పని పూర్తిగా అప్పగించాకే ముఖంలో కళ వచ్చింది. పడిపోయిన తర్వాత కూడా ఆయనే పూర్తి చేశారు, ఈసారి కింద నేను నిచ్చెన పట్టుకున్నాను.

హుస్సేన్‌సాగర్_హరి
హైదరాబాద్ నుంచి. నాకు పెద్ద పడవల అనుభవం లేదు, క్లబ్బులో లేజర్లు, ఎంటర్‌ప్రైజ్‌లు లాంటి చిన్న తెరచాప పడవలు సొంతంగా బాగుచేసుకునేవాళ్లం. కానీ ఒకటి చెప్పగలను. ఫైబర్‌గ్లాస్ చెప్పదు అని మీ నాన్నగారు అన్నారు, చెబుతుంది! డెక్ మీద ప్లాస్టిక్ సుత్తితోనో స్క్రూడ్రైవర్ పిడితోనో అంగుళం అంగుళం కొట్టుకుంటూ వెళ్లమనండి. బాగున్న చోట గట్టిగా ఖణ్‌మంటుంది, లోపల తడిసి కుళ్లిన చోట మొద్దుగా వినిపిస్తుంది. ఎందుకంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య డెక్‌లో చెక్కే ఉంటుంది. బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగితే ఆ చెక్క లోలోపలే పాడవుతుంది.

ఫైబర్_రాజు
+1. రైలింగు కమ్మీల కాళ్లు, మాస్ట్ అడుగు, మాస్ట్‌ని నిలబెట్టే వైర్లు పట్టుకునే చైన్‌ప్లేట్లు, వీటి చుట్టూ ముందు కొట్టి చూడండి. ఏ కంపెనీ పడవైనా నలభై ఏళ్లు దాటాక తడి దొరికేది అక్కడే.

కమ్మింగ్_కిరణ్
హరి గారూ, మీ పోస్టు వినగానే నాన్న లేచి వెళ్లిపోయారు. షెడ్డులో ఉన్న కట్టెతో ఒక చిన్న కొడతి చెక్కుకున్నారు, ప్లాస్టిక్ సుత్తి వద్దట. తాళ్లరేవులో కూడా పాత పడవ మరమ్మతుకి వస్తే పలకల్ని ఇలాగే కొట్టి చూసేవాళ్లట. డెక్ మొత్తం వంగి చెవి ఆనించి విని, అనుమానం ఉన్న ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీశారు. నాకు చాలా చోట్ల తేడానే తెలియలేదు. ఆయన గీసిన చోట ఒక బోల్టు విప్పితే లోపలి నుంచి కాఫీ రంగు నీళ్లు కారాయి.

కుడివైపు కమ్మీ కాలు దగ్గర అరచేయంత, ఎడమవైపు చైన్‌ప్లేట్ దగ్గర పళ్లెమంత ఉన్నాయి. మాస్ట్ కింద గట్టిగానే ఉంది. ఫోటోలు పెట్టాను. ఇప్పుడేం చేయాలి?

అమలాపురం_అబ్బాయ్
చిన్న చిన్న రంధ్రాలు చేసి సిరంజితో ఎపాక్సీ (కలిపాక గట్టిపడే జిగురు) ఎక్కించేయండి. మా ఫ్రెండ్ అలాగే చేశాడు, ఒక్క రోజులో అయిపోయింది.

ఫైబర్_రాజు
@అమలాపురం_అబ్బాయ్ తమ్ముడూ, అదే అందరూ చేసేది, అదే పనికిరానిది. తడి చెక్క ఎపాక్సీని పీల్చుకోదు. అక్కడక్కడా నాలుగు గడ్డలు కడుతుంది, వాటి మధ్య కుళ్లు కుళ్లుగానే ఉంటుంది. పైగా తర్వాత సరిగా చేద్దామన్నా ఆ గడ్డలు తీయడం రెట్టింపు చాకిరీ.

సరైన పద్ధతి: పై ఫైబర్‌గ్లాస్ పొరని గీత చుట్టూ కోసి మూతలా లేపండి. కుళ్లిన చెక్క మొత్తం, పొడి చెక్క తగిలే దాకా గీకేయండి. ఆరనివ్వండి, నిజంగా ఆరనివ్వండి. కొత్త ప్లైవుడ్ ముక్కని అన్ని పక్కలా ఎపాక్సీ పట్టించి, చిక్కటి ఎపాక్సీ ముద్దలో కూర్చోబెట్టండి. పాత మూత మళ్లీ అతికించి, అంచుల్ని వెడల్పుగా వాలుగా రుద్ది గ్లాస్ గుడ్డ పొరలు వేయండి. ఎపాక్సీ మీద పాలిస్టర్ రెజిన్ వేయకండి, సరిగా పట్టదు. ఒకటే పదార్థంతో మొదలుపెట్టి దానితోనే ముగించండి.

డాలస్_దుర్గ
నేను సగమే ఒప్పుకుంటాను. చైన్‌ప్లేట్ దగ్గర పళ్లెమంత చోటు కోయాల్సిందే, మాస్ట్‌ని పట్టే బలం అక్కడుంది. కానీ కమ్మీ కాలు దగ్గర అరచేయంత దానికి డెక్ కోయడమెందుకు? బోల్టు రంధ్రాన్ని పెద్దది చేసి, వంచిన మేకుని డ్రిల్లులో పెట్టి లోపలి కుళ్లు చెక్కని గుండ్రంగా తవ్వేసి, ఆరబెట్టి, చిక్కటి ఎపాక్సీతో నింపితే చాలు. గట్టిపడ్డాక అందులోనే అసలు సైజు రంధ్రం చేసుకోవాలి. అప్పుడు రేపు నీళ్లు కారినా ఎపాక్సీ గోడే తగులుతుంది, చెక్కకి చేరదు. నేను నా పడవలో ప్రతి బోల్టుకీ ఇదే చేశాను.

ఫైబర్_రాజు
తవ్వి నింపడానికి నాకు అభ్యంతరం లేదు. తవ్వకుండా సిరంజితో పొడవడానికే. అరచేయి దాటితే మాత్రం కోయండి, నా మాట మార్చను.

అమలాపురం_అబ్బాయ్
సరే అన్నా, వాడికి ఫోన్ చేసి అడిగాను. మళ్లీ మెత్తబడిందట 😄

కమ్మింగ్_కిరణ్
నాన్నకి ఇద్దరి మాటా చెప్పాను. ఆయన తీర్పు: ఎడమవైపు రాజు గారి దారి, కుడివైపు దుర్గ గారి దారి. చెక్క తీసి చెక్క వేయడం అనగానే ఆ పని తనదే అన్నారు. కోనసీమ_కోడలు గారూ, మీరు చెప్పినట్టే డెక్ మొత్తం ఆయనకే రాసిచ్చేశాను.

ఒక ప్రశ్న. బోల్టుల కింద నీళ్లు దిగకుండా ఏం పెట్టాలి? వాళ్లు పలకల సందుల్లో పత్తి దూర్చి, గుగ్గిలం, నూనె కలిపి కాచి పట్టించేవాళ్లట. అది ఎప్పటికీ రాయిలా బిగుసుకోకూడదట, పడవ కదిలితే దానితోపాటే కదలాలట. ఇక్కడ అలాంటిదేమైనా ఉందా అని అడుగుతున్నారు.

గాలివాటం
ఉంది. బ్యూటైల్ టేప్. మీ నాన్నగారు చెప్పిన గుణమే దానిది, ఏళ్లు గడిచినా మెత్తగా ఉంటుంది, లాగితే సాగుతుంది. రంధ్రం అంచుని కౌంటర్‌సింక్ బిట్‌తో కొద్దిగా గిన్నెలా చేసి, బోల్టు మెడ చుట్టూ టేప్ చుట్టి, కొన్ని రోజుల పాటు రోజూ కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి. బిగించేటప్పుడు బోల్టు తిరక్కూడదు, కింద నట్టు మాత్రమే తిప్పాలి. లేకపోతే టేప్ పట్టు వదిలేస్తుంది.

నీటి మట్టానికి కింద ఉన్న వాటికి మాత్రం ఇది వాడొద్దు, అక్కడ పాలీసల్ఫైడ్ లాంటి మెరైన్ సీలెంట్ కావాలి. కిటికీలకీ బ్యూటైల్ పనికొస్తుంది. బాత్‌రూమ్ సిలికాన్ పడవ దరిదాపుల్లోకి రానీయకండి. దాని జిడ్డు ఒకసారి అంటితే తర్వాత ఆ చోట ఏదీ అంటుకోదు.

కమ్మింగ్_కిరణ్
టేప్ వచ్చింది. నాన్న ఒక ముక్క తీసి వేళ్ల మధ్య సాగదీసి, వాసన చూసి, జేబులో పెట్టుకుని మధ్యాహ్నం దాకా తిరిగారు. తర్వాత తీసి చూసి "ఇంకా మెత్తగానే ఉంది" అన్నారు. ఫైబర్‌గ్లాస్‌తో రాజీ పడ్డట్టే.

విశాఖ_వనజ
ఫైబర్‌గ్లాస్ మధ్య చెక్క అన్నది చిన్న పడవలకే కాదని మీ నాన్నగారికి చెప్పండి. మన నేవీ అమ్మాయిలు ప్రపంచం చుట్టి వచ్చిన ఐఎన్‌ఎస్‌వీ తారిణి కూడా చెక్క కోర్ ఉన్న ఫైబర్‌గ్లాస్ పడవే, గోవాలో కట్టారు. 2017 సెప్టెంబర్‌లో బయల్దేరి 2018 మే నెలలో తిరిగొచ్చారు. ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లే, విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి. వాళ్లు గోవా తిరిగొచ్చిన రోజు మా ఇంట్లో టీవీ ఆపలేదు.

కమ్మింగ్_కిరణ్
ఈ సంగతి అమ్మకి చెప్పాను వనజ గారూ. ఇప్పుడు అమ్మ కూడా పడవ దగ్గరకొస్తోంది.

చికాగో_చిన్నోడు
హెచ్‌ఓఏ సంగతి ఏమైంది? గ్యారేజీలో పట్టదా?

కమ్మింగ్_కిరణ్
పట్టదు. పడవ ఇరవై ఒకటిన్నర అడుగులు, ట్రెయిలర్ మూతితో కలిపి ఇంకా ఎక్కువ. గడువు అడుగుతూ రాశాను, పనుల జాబితా, ఫోటోలు జత చేశాను. రెండు వారాలు ఇచ్చారు.

గాలివాటం
రెండు వారాల్లో తడిసిన డెక్ కూడా సరిగా ఆరదు. మా ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది, మాకు హెచ్‌ఓఏ లేదు. ట్రెయిలర్ టైర్లు చూసుకుని తీసుకొచ్చేయండి. టైరు పైకి బాగానే కనిపించినా పక్కన తయారీ వారం, సంవత్సరం అంకెలు ఉంటాయి, అవి చూడకుండా రోడ్డెక్కకండి. కరెంటు, నీళ్లు ఉన్నాయి. మీ నాన్నగారికి టీ మా ఆవిడ పెడుతుంది.

కోనసీమ_కోడలు
ఇలాంటివి చూసినప్పుడే ఈ వేదిక వదలబుద్ధి కాదు.

కమ్మింగ్_కిరణ్
పడవ గాలివాటం గారి పెరట్లోకి చేరింది. కీల్ ఆయన చెప్పినట్టే దించాం, నలుగురం ఉన్నాం. పిన్ను మధ్యలో బాగా అరిగి నడుము సన్నబడి ఉంది. గొట్టం పట్టుకుంటే పొడి రాలింది. రెండూ కొత్తవి తెప్పిస్తున్నాను. కీల్ తుప్పు ఎలా వదిలించాలి? అడుగున ఎర్రటి పాత పెయింటు కూడా ఉంది, దాన్ని రుద్దేయనా?

డాలస్_దుర్గ
ఆగండి! ఆ పెయింటుని పొడిగా రుద్దకండి. అడుగు పెయింటులో నాచు, గుల్లలు పట్టకుండా రాగి కలుపుతారు. మీ పడవ 1978ది, ఆ రోజుల్లో టిన్ సమ్మేళనాలు కలిపినవి కూడా అమ్మేవారు. చిన్న పడవలకి వాటిని అమెరికాలో 1988లో చట్టం పెట్టి ఆపించారు. అడుగున ఏ పొర ఏదో మీకు తెలియదు కాబట్టి ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, గాలివాటం గారి గడ్డిలోకీ పోకూడదు. కింద ప్లాస్టిక్ పరిచి, నీళ్లతో తడుపుతూ గీకండి. కార్ట్రిడ్జులున్న రెస్పిరేటర్, గ్లోవ్స్, కళ్లద్దాలు. గుడ్డ మాస్కు చాలదు. పెద్దాయనని ఈ పనికి దూరంగా ఉంచండి.

కీల్‌కి: తీగ బ్రష్, గ్రైండర్‌తో మెరిసే ఇనుము వచ్చేదాకా రుద్దాలి. రుద్దిన రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి, రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. తేమ ఎక్కువున్న రోజు ఆ పని పెట్టుకోవద్దు.

కమ్మింగ్_కిరణ్
దూరంగా ఉంచడమే కష్టం. గ్రైండర్ చప్పుడు వినగానే వచ్చేస్తున్నారు. మా అబ్బాయిని కాపలా పెట్టాను. వాడేమో తాతగారితో కలిసి మోటార్ విప్పుకుని కూర్చున్నాడు.

హుస్సేన్‌సాగర్_హరి
ఏ మోటార్?

కమ్మింగ్_కిరణ్
ఆరు హార్స్‌పవర్, టూ స్ట్రోక్. ట్యాంకులో పాత పెట్రోలు ఉండిపోయింది. ఇక్కడి పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది, అది నీటిని పీల్చి అడుగున వేరే పొరగా పేరుకుంటుంది. కార్బురేటర్ జెట్లు పచ్చటి జిగురుతో మూసుకుపోయాయి. నాన్న వాటిని సన్నటి రాగి తీగతో, క్లీనర్‌తో శుభ్రం చేశారు. నీటి పంపు ఇంపెల్లర్ రెక్కలు వంగి బిగుసుకున్నాయి, కొత్తది వేశాం. నూనె పాళ్లు యాభైకి ఒకటి. బకెట్ నీళ్లలో పెట్టి తాడు లాగితే రెండో లాగుకే స్టార్ట్ అయింది. "యమహా అయితేనేం, మెర్క్యురీ అయితేనేం, గాలి, నిప్పు, నూనె ఉంటే తిరగాల్సిందే" అని మా వాడికి పాఠం చెబుతున్నారు. వాడికి తెలుగులో ఇన్ని మాటలు వచ్చని నాకు ఇప్పుడే తెలిసింది.

అమలాపురం_అబ్బాయ్
మా అబ్బాయినీ పంపిస్తాను, ఫీజు ఎంత? 😀

విశాఖ_వనజ
తెరచాపలు ఏం చేశారు? అవి అందరూ ఆఖర్న గుర్తుచేసుకుంటారు.

కమ్మింగ్_కిరణ్
అదే అడగబోతున్నా. బూజు మచ్చలు, ఒకచోట మూరెడు చిరుగు. వాషింగ్ మెషీన్‌లో వేయచ్చా?

డాలస్_దుర్గ
వద్దే వద్దు. తెరచాపలు కుట్టే డేక్రాన్ గుడ్డకి పైన గట్టి పూత ఉంటుంది, మెషీన్ తిప్పుడుకి అది ఊడిపోతే తెరచాప దుప్పటిలా వేలాడుతుంది, గాలికి ఆకారం పట్టదు. తొట్టిలో గోరువెచ్చటి నీళ్లు, తేలికపాటి సబ్బు, మెత్తటి బ్రష్. రాత్రంతా నానబెట్టినా ఫర్వాలేదు. నీడలో ఆరేయండి. బూజు వాసన పోతుంది, మచ్చలు కొన్ని ఉండిపోతాయి. ఉండనివ్వండి, గాలికి మచ్చలతో పనిలేదు.

చిరుగుకి ముందు ఆ గుడ్డ గట్టిగా ఉందో లేదో చూడండి. అంచు దగ్గర గోటితో నొక్కి లాగితే కాగితంలా చిరిగితే ఎండకి చచ్చిపోయినట్టే, కొత్తది కొనాల్సిందే. గట్టిగా ఉంటే రెండువైపులా అతుకు వేసి జిగ్‌జాగ్ కుట్టు వేయండి. దారం ఎండకి తట్టుకునే పాలిస్టర్ దారం కావాలి. నూలు దారం ఒక్క వేసవి కూడా ఉండదు.

కమ్మింగ్_కిరణ్
గట్టిగానే ఉంది. అమ్మ కుట్టేసింది. ఇంట్లో మెషీన్ సూది విరిగాక మందపాటి గుడ్డ సూది తెప్పించి మళ్లీ కూర్చుంది. తెరచాప హాలు మొత్తం పరుచుకుంటే సోఫాలు బయట పెట్టాల్సి వచ్చింది. ఒక కొసని నాన్న పట్టుకుని లాగుతుంటే "బిగువుగా, ఇంకా బిగువుగా" అని ఆవిడ అరుపులు. వాళ్లిద్దరూ కలిసి ఒక పని చేయడం నేను చిన్నప్పటి నుంచి పెద్దగా చూడలేదు. నాన్న ఎప్పుడూ రేవులోనే ఉండేవారు.

కోనసీమ_కోడలు
ఈ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను.

ఫైబర్_రాజు
డెక్ పని ఎంతవరకు వచ్చింది?

కమ్మింగ్_కిరణ్
అయిపోయింది రాజు గారూ. మూత లేపితే లోపలి చెక్క చేత్తో పిండితే నీరు కారేలా ఉంది. నాన్న ఉలితో పొడి చెక్క దాకా చెక్కేశారు. కొత్త ప్లైవుడ్ ముక్కలు ఎంత కచ్చితంగా కోశారంటే, ఎపాక్సీ ముద్ద పక్కలకి జారడానికి కాస్త ఖాళీ ఉంచమని బతిమాలాల్సి వచ్చింది. వడ్రంగం అలవాటుకి సందు కనిపిస్తే మనసు ఒప్పదు కదా. ఎపాక్సీ కలిపే గిన్నె మాత్రం నా చేతిలోనే ఉంచుకున్నాను. ఎక్కువ కలిపి లోతు గిన్నెలో వదిలేస్తే వేడెక్కి పొగ వస్తుందని చదివాను కాబట్టి, కొద్దికొద్దిగా కలిపి వెడల్పాటి ట్రేలో పోసుకున్నాం. ఇప్పుడు కొడతితో కొడితే రెండువైపులా ఒకే శబ్దం.

గాలివాటం
నేను చూశాను, అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. మా పడవ డెక్ కూడా ఒకసారి వినమని ఆయన్ని అడిగాను. నాలుగుచోట్ల సుద్ద గీతలు పెట్టి వెళ్లారు.

చికాగో_చిన్నోడు
అదీ సంగతి! ఖర్చు ఎంతయింది ఇప్పటిదాకా?

కమ్మింగ్_కిరణ్
ఇంకా మూడు వేలు దాటలేదు. మాస్ట్ వైర్లు మిగిలాయి. ఒక వైర్లో ఒక పోగు తెగి ముల్లులా పైకి లేచి ఉంది, గుడ్డతో తుడుస్తుంటే తగులుకుంది. ఆ ఒక్కటి మారిస్తే సరిపోతుందా?

గాలివాటం
అన్నీ మార్చండి. ఒకటి తెగడం మొదలైందంటే మిగతావీ అదే వయసువి. వైరు చివర బిగించిన తొడుగుల్ని భూతద్దంతో చూడండి, వెంట్రుకంత పగులున్నా అవుటే. వైర్లు బిగించే టర్న్‌బకిల్స్, పిన్నులు కూడా చూడండి. పాత వైర్లు పారేయకండి, వాటి కొలతతోనే కొత్తవి చేయిస్తాం.

ఇంకోటి, ఇది ఇక్కడ అందరూ చదవాలి. మాస్ట్ అల్యూమినియం. పడవ ట్రెయిలర్ మీద ఉన్నప్పుడు మాస్ట్ నిలబెడితే దాని కొస నేల నుంచి ముప్పై అడుగులు దాటుతుంది. లేపే ముందు తలెత్తి కరెంటు తీగలు చూడండి, లేపిన చోటు నుంచి రేవు దాకా దారి మొత్తం నడిచి చూడండి. మాస్ట్ తీగకి తగిలి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. మా పెరట్లో లేపం, మా ఇంటికొచ్చే లైను అక్కడే ఉంది. రేవు దగ్గర ఖాళీ స్థలంలోనే లేపుతాం.

కోనసీమ_కోడలు
లైఫ్ జాకెట్లు కొన్నారా? అది అడగడానికే వచ్చాను.

కమ్మింగ్_కిరణ్
మనిషికొకటి చొప్పున కొన్నాను, నీళ్లలో పడ్డవాళ్లకి విసిరేది ఒకటి కూడా. పదహారు అడుగులు దాటిన పడవలో అది తప్పనిసరి. పదమూడేళ్లలోపు పిల్లలు పడవ కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండాలి. నాన్న "నేను ఉప్పుటేరులో ఈదినవాణ్ని" అన్నారు. మా వాడు "తాతా, నువ్వు వేసుకుంటేనే నేను వేసుకుంటా" అన్నాడు. వేసుకుంటున్నారు.

డాలస్_దుర్గ
మొదటిసారి దింపినప్పుడు ట్రెయిలర్ నుంచి పడవని పూర్తిగా విప్పేయకండి. తేలేంత వరకు దించి, ఒకరు లోపలికెళ్లి ఆ రబ్బరు గొట్టం దగ్గర, మోటార్ బ్రాకెట్ బోల్టుల దగ్గర, పాత సింక్ గొట్టం రంధ్రం దగ్గర టిష్యూ కాగితంతో తుడిచి చూడాలి. తడి అంటితే వెంటనే పైకి లాగేయచ్చు. పావుగంట అలా ఉంచాక గానీ వదలొద్దు.

కమ్మింగ్_కిరణ్
శనివారం దింపాం. టిష్యూలు నాన్న చేతిలోనే ఉన్నాయి. గొట్టం పొడి, బోల్టులు పొడి. సింక్ రంధ్రం దగ్గర చెమ్మ తగిలింది. అక్కడున్నది పాత ఇత్తడి గేట్ వాల్వ్. పైకి లాగేసి, కంచు బాల్ వాల్వ్ వేసి, ఆదివారం మళ్లీ దింపాం. ఈసారి అన్నీ పొడిగానే ఉన్నాయి. మోటార్ మీద కోవ్ (సరస్సు పాయ) దాటి వెళ్లి తెరచాప ఎత్తాం. గాలి తక్కువే. చుక్కాని నాన్న పట్టుకున్నారు, గాలివాటం గారు పక్కన కూర్చుని ఒక్క మాట కూడా చెప్పాల్సిన అవసరం రాలేదన్నారు. కీల్ టక్కు టక్కు శబ్దం లేదు.

పేరు ఇంకా పెట్టలేదు. అమ్మ ఒకటి అంటోంది, మా వాడు ఇంకొకటి.

విశాఖ_వనజ
అమ్మగారు కుట్టారు కాబట్టి ఓటు అమ్మగారికే.

హుస్సేన్‌సాగర్_హరి
ఫోటోలు ఎక్కడ?? చుక్కాని పట్టుకున్నది తప్పకుండా పెట్టండి.

కమ్మింగ్_కిరణ్
రాత్రికి పెడతాను. ఇంకో ప్రశ్న మిగిలింది. నాన్నవాళ్లు అక్టోబర్ చివర్లో వెళ్లిపోతారు, ఆ లోపల వీలైనన్ని వారాంతాలు నీళ్ల మీదే ఉందామనుకుంటున్నాం. శరదృతువులో లేనియర్ మట్టం తగ్గుతుందంటారు కదా, మా రేవు పనికొస్తుందా?

గాలివాటం
నిండు మట్టం సముద్ర మట్టానికి 1,071 అడుగులు. ఈ సరస్సు డ్యామ్ నడిపే ఆర్మీ ఇంజనీర్లు మట్టాన్ని ఆన్‌లైన్‌లో పెడుతూనే ఉంటారు, బయల్దేరే ముందు చూసుకోండి. నాలుగైదు అడుగులు తగ్గినా మీకు ఇబ్బంది లేదు, కీల్ ఎత్తేస్తే పడవకి రెండడుగుల నీళ్లు చాలు. ర్యాంపు కాంక్రీటు అంచు దాటి ట్రెయిలర్ చక్రాలు దిగకుండా చూసుకుంటే సరి. వచ్చే శనివారం ఎనిమిదింటికి నేనూ వస్తున్నాను, సుద్ద గీతలు పెట్టిన నా డెక్ సంగతి నాన్నగారితో మాట్లాడాలి.

కమ్మింగ్_కిరణ్
ఉలి, కొడతి తెస్తామంటున్నారు.